మగ్గం దిగిన దుప్పటి

తూదా వదిన తన ఆఖరి దుప్పటిని మగ్గం మీంచి కోస్తుంటే నా రెండు కళ్లతో చూశాను. ఈ అట్లాస్ కొండల్లో అది చూసి బతికి బట్టకట్టిన మగవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ ఉదయం కూడా ఆమె గోడకూ మగ్గానికీ మధ్య ఇరుక్కుని, ఇనుప దువ్వెనతో పోగు మీద పోగు దిగగొడుతోంది. రెండు దెబ్బలు, ఒక నిట్టూర్పు. గడ్డం మీది పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయింది. ఊలు లాగి లాగి చూపుడువేలు కొడవలిలా వంగింది. నేను ఆమె మొగుడి తమ్ముణ్ణి. గుమ్మంలో కూర్చుని టీ తాగడం నా ఉద్యోగం.

"ఇదెవరు కప్పుకుంటారత్తా?" అంది కోడలు హద్దా, రొట్టెల పిండి పిసుకుతూ. "సంతలో పులిబొమ్మ దుప్పట్లొచ్చాయిగా."

"కొనుక్కోవే. వాటికి ప్రాణం లేదు, తీసే బాధా లేదు. దీన్ని సగంలో వదిలి నేను పోతే సాగనంపేదెవరు? నీకా మాటలు రావాయె."

అదే ఆమె దిగులు. మా ఆడవాళ్ల లెక్కలో నేత అన్నది మగ్గానికి పడుగు దారాలు కట్టినప్పుడు పుడుతుంది, కోసినప్పుడు పోతుంది. పోయేవాళ్ల నోట్లో పోసినట్టే దానిమీద నీళ్లు చల్లి, మాట చెప్పి కోయాలి. ఆ కోత చూసిన మగవాడు ఏడాది తిరక్కుండా పోతాడంటారు.

మధ్యాహ్నానికి భుజం లేవక, రెండో చేత్తో మోచెయ్యి ఎత్తిపట్టుకుని కొడుతోంది.

"రేపు కొట్టకూడదూ?" అన్నాను.

"రేపటికి నీ చెయ్యిస్తావా మరిదీ? అది టీ గ్లాసుకి తప్ప లేవదుగా."

ఎండ గోడెక్కేసరికి దువ్వెన ఆగింది.

"హద్దా, నీళ్లు తే. మరిదీ, నువ్వు బయటికి నడు."

నడిచాను. అవును, మొదట చెప్పింది అబద్ధం. పెరట్లో గాడిద పక్కన గోడకు మొహం పెట్టి నిలబడ్డాను. బతకాలని నాకు మాత్రం ఉండదా?

లోపల వదిన ఒక్కో మాటా అందిస్తోంది, హద్దా వెనకే పలుకుతోంది: "కట్టినవాళ్లమే విప్పుతున్నాం. బరువు దించుకుని పో." పడుగు తెగిన చప్పుడు. అయినా నేను గోడమీంచి మొహం తిప్పలేదు.

చాలాసేపటికి మళ్లీ అవే మాటలు వినిపించాయి, ఈసారి హద్దా గొంతు ఒక్కటే.

తలుపు తెరుచుకుంది.

"గిన్నెలో నీళ్లు మిగిలాయి చినమామా," అంది హద్దా. "'నాక్కూడా రెండు చుక్కలు పొయ్యవే' అంది అత్త. పోశాను."

ఆ దుప్పటి వదిన మీదే కప్పాం.

దువ్వెన అప్పటికింకా వెచ్చగా ఉందని ఊరంతా చెప్పుకు తిరిగాను. అది నా కల్పన. దాన్ని నేను ముట్టుకోనేలేదు. పళ్లలో తెల్ల ఊలు నూగు చిక్కుకుని, ఖాళీ మగ్గం కింద అలాగే పడి ఉంది.