ఇంటి పోతు పిల్లలు

ఉన్ని చూడడంలో నన్ను మించినవాళ్ళు ఈ కొండల మీద లేరు. గొర్రెల్లా ఉన్ని కోసం మేం పెంచే అల్పాకా పక్కటెముకల మీద ఉన్ని పాయ తీసి పై పెదవికి ఆనించానంటే, ఏ రకమో ఇట్టే చెప్పేస్తాను; ఎంత సన్నమైతే అంత మేలు. ఆ పొగరే నా కొంప ముంచింది.

మా విత్తనపు పోతు ఖోరి నా మందలోనే పుట్టాడు. సికువానీ సంతలో వాడి ఉన్నికి మూడేళ్ళు వరసగా మొదటి బహుమతి. వాణ్ణి ఎవరికీ ఇవ్వలేదు, పైవాళ్ళ పోతును నా దొడ్డిలో అడుగు పెట్టనివ్వలేదు. ఆరేళ్ళుగా వాడే. వాడి కూతుళ్ళ మీదికీ వాణ్ణే వదిలాను.

ఈ వానల్లో మూడు పిల్లలు ముక్కులు మూసుకుపోయి పుట్టాయి. నోటితో ఊపిరైనా పీల్చాలి, పాలైనా తాగాలి. రెండూ ఒకేసారి కుదరవు. మూడూ ఆకలితో పోయాయి.

"వాడికి విత్తులు కొట్టించెయ్యమ్మా," అంది నా కూతురు హసింతా.

"ఉన్ని సంగతి నువ్వా నాకు చెప్పేది?"

"ఉన్ని కాదు, నెత్తురు సంగతి చెబుతున్నా. తండ్రిని కూతుళ్ళ మీదికి తోలితే ఇంకేం పుడతాయి? పేరు గొప్ప, ఊరు దిబ్బ. రేపోమాపో నా వాటిలో ఒకటి ఈనుతుంది. దాని పిల్లా ఇట్టాగే పుడితే నా పదకొండూ తోలుకుని అత్తగారింటికి పోతా. నువ్వూ, నీ బహుమతుల పోతూ ఊరేగండి."

హసింతా చిన్నతనంలో నేనిచ్చిన ఒక్క ఆడ అల్పాకా పిల్ల సంతతి ఆ పదకొండు. అవి పోతే మంద సగం పోయినట్టే. కూతురు వెళ్ళిపోతే నాకు ఇంకెవరూ లేరు. అయినా పోతును ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున వడగళ్ళు ఆగాక హసింతా అల్పాకా ఈనింది. పిల్ల తలెత్తి నోరు బార్లా తెరిచింది. హసింతా అద్దం ముక్క దాని ముక్కు దగ్గర పెట్టింది. అద్దం మసకబారలేదు; ముక్కులోంచి ఊపిరి రావడం లేదు. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, వేలితో ఒక్కొక్క చుక్కా పాలు నాలుక మీద వేస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి పిల్ల పోయింది. నా కూతురు వెక్కివెక్కి ఏడ్చింది.

పక్కన కూలబడ్డాను. తప్పు నాదేనమ్మా, ఇవాళే కొట్టిస్తాను అందామని నోటిదాకా వచ్చింది. ఈలోగా నా చెయ్యి దానంతటదే పోయి పిల్ల డొక్క మీద ఉన్ని పాయ తీసింది.

"ఇంత సన్నటి ఉన్ని నా జన్మలో చూడలేదే," అన్నాను.

హసింతా ఏడుపు ఆపి నా వైపు చూసింది. పిల్లను నా ఒళ్ళో పెట్టి, లేచి, తన పదకొండూ వేరు చేయడానికి దొడ్డిలోకి వెళ్ళింది.

నేను ఆపలేదు. ఏ ముఖం పెట్టుకుని ఆపను?