అమ్మీ వేలూ, ఆల్చిప్పల కుండా

అది 1979. మదనపల్లె కాలేజీలో నాకు బీయస్సీ చివరి ఏడాది. చెరువు బురదలో దొరికే కందిబద్దంత ఆల్చిప్పలు చలిలో ఎంత పెరుగుతాయి, వేడిలో ఎంత పెరుగుతాయి అన్నది నా ప్రాజెక్టు. అది బాగా వస్తేనే తిరుపతిలో ఎమ్మెస్సీ సీటుకు సిఫారసు ఉత్తరం రాస్తానన్నాడు గోవిందప్ప సార్. లేదంటే నేనూ మా అమ్మీ పక్కన కూర్చుని, మరిగే నీళ్లలోంచి పట్టుగూళ్ల దారం తీయాల్సిందే.

ఇంట్లో మూడు కుండలు పెట్టాను. తడి గోనెసంచి చుట్టి చల్లగా ఒకటి, కిటికీ దగ్గర మామూలుగా ఒకటి, అమ్మీ పొయ్యి పక్కన వెచ్చగా ఒకటి. వెచ్చని కుండ ముప్పై డిగ్రీలు దాటకూడదు. రెండో రోజే కాలేజీ థర్మామీటర్ నా చేతిలోంచి జారి పుటుక్కుమంది. సార్‌కు చెప్పే ధైర్యం ఎవరికుంది?

"దానికి ఏడుపు యాల మే? నా వేలు ఉండాది గదా!" అంది అమ్మీ. "నీళ్లకు సలి ఇరిగితే సాలునా? నేను సూసుకుంటా. నువ్వు పోయి సదువుకో."

ముప్పై ఏళ్లుగా వేలు ముంచి పట్టుగూళ్లు ఉడికే బాన వేడి చెప్పే మనిషి. నమ్మక చస్తానా! పూటపూటా వేలు ముంచేది, చల్లబడితే గరిటెడు వేణ్ణీళ్లు పోసేది.

ఆరు వారాలకు కొలిచాను. కిటికీ కుండలోవి రెండు మిల్లీమీటర్లు పెరిగాయి, చల్లని కుండలోవి ఒకటి. వెచ్చని కుండలోవి వెంట్రుకవాసి కూడా పెరగలేదు. అవే అన్నిటికన్నా పెరుగుతాయని కాలేజీ అంతా చాటుకున్నానే!

"నా కొంప ముంచావు" అని అమ్మీ మీద అరిచాను. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది.

ఇక దాచి లాభం లేక సార్‌కు అంతా చెప్పేశాను. ఆయన కొత్త థర్మామీటర్ తీసుకుని ఇంటికే వచ్చాడు. అమ్మీ 'సలి ఇరిగిన' నీళ్లు ముప్పై ఆరు డిగ్రీలు!

"మరిగే నీళ్లలో పెట్టీ పెట్టీ నీ వేలు మొద్దుబారిపోయుండాదమ్మా" అన్నాడు సార్.

నన్ను పెంచిన వేలది. దాని మీదా నేను అరిచింది? సిగ్గుతో చచ్చిపోయాను.

"అయితే మా మసూదా సదువు పాయెనా సారూ?" అంది అమ్మీ నన్ను చూపిస్తూ.

సార్ థర్మామీటర్ ఆమెకు కనబడకుండా పట్టుకుని, పదిసార్లు కొత్తగా నీళ్లు కలిపించాడు. పదిసార్లూ ముప్పై ఆరే. అర డిగ్రీ తేడా లేదు. ఆయన పకపకా నవ్వాడు.

"యాడికి పోతాదమ్మా! ఆరు వారాలూ ఒకటే వేడి పెట్టినావు. కొంచెం వెచ్చగుంటే పెరుగుతాయి, మరీ ఎక్కువైతే పెరుగుడు నిలిచిపోతాది. ఆ మాట నీ కుండే సెప్పింది."

ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు, వాడిన పరికరాలు అనే చోట, కొలబద్ద కింద 'మా అమ్మ లాల్ బీ కుడిచేతి చూపుడు వేలు' అని రాశాను. సార్ ఎర్ర సిరా పెన్ను తీశాడు. కొట్టేస్తాడేమో అనుకున్నాను. పక్కనే 'సరిచూడబడినది' అని రాసి సంతకం పెట్టాడు.