లేదనడం రాని పెట్టె

నాకు అన్నిటికన్నా భయం ఒకటే. పాప నిద్రలో ఊపిరి ఆపేస్తుంది, పక్కనే బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్న నాకు ఆ సంగతి తెలియదు. పుట్టిన పన్నెండో రోజున ఒకసారి అలాగే నీలంగా అయిపోయింది. వీపు మీద చరిచాక ఏడ్చింది. ఇక ఫర్వాలేదన్నారు డాక్టరమ్మ. ఫర్వాలేదని ఆవిడకి తెలుసు, నాకెలా తెలుస్తుంది?

అందుకే మా ఆయన ఉయ్యాల పరుపు కింద ఒక పలచటి పట్టా వేశారు. పాప ఊపిరికి పరుపు ఏమాత్రం కదిలినా అది కనిపెడుతుంది. కదలిక ఆగితే కంప్యూటరు మోగాలి. రెండు నెలలు బాగానే జరిగింది. కాకపోతే ఆ కంప్యూటరు ఇంకో మనిషంత చోటు ఆక్రమించి, వేడి కక్కుతూ రోజంతా గురక పెట్టేది. "పాప ఊపిరి వినడానికి పెట్టారు, ఇల్లంతా దీని ఊపిరే వినిపిస్తోంది" అనేవారు అత్తగారు.

దీన్ని తీసేసి ఏదైనా చిన్నది పెట్టమని నేనే పోరాను. అరచేతిలో పట్టేంత కంప్యూటర్లు ఉన్నాయట, ఏఆర్ఎమ్ రకం. చప్పుడుండదు, వేడీ ఉండదు. చిక్కల్లా రన్‌టైమ్‌తోనే. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు అర్థమయ్యేలా ఆయన చెప్పింది ఇది: ప్రోగ్రాము అంటే ఇంటి ప్లాను. రన్‌టైమ్ అంటే ఆ ప్లాను చూసి కూలీలచేత పని చేయించే మేస్త్రీ. ఈ మేస్త్రీని ఎవరో అందరికోసం తయారుచేసి వదిలారు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ అతనికి పెద్ద కంప్యూటర్లలో కూలీల మాటే వచ్చు. చిన్నదాంట్లో కూలీల మాట వేరు. అది నేర్పాలి.

నేర్పడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ మా ఇంట్లో ఏమడిగినా జవాబు ఆ పాఠం గురించే.

"ఏమండీ, కుళాయి కారుతోంది."

"కంపైల్ అవుతోంది."

"పాపకి టీకా వేయించాలండీ."

"ఇదుగో, అయిపోవచ్చింది."

"ఒరే, నీ పెళ్ళాం పిల్లనెత్తుకుని వెళ్ళిపోతోందిరా!" అని వంటింట్లోంచి కేకేశారు అత్తగారు, ఏమంటాడో చూద్దామని.

"ఆఁ, తలుపు దగ్గరగా వేసి వెళ్ళమను."

చివరికి చిన్న పెట్టె పనిచేసింది. ఊపిరి ఉన్నంతసేపూ పచ్చదీపం వెలగాలి, ఆగితే మోగాలి. ఇంకో వారం పరీక్షించాకే నలుగురికీ ఇస్తానన్నారు. "ఇంకెన్నాళ్ళండీ ఈ పరీక్షలు? పచ్చదీపం వెలుగుతూనే ఉందిగా" అన్నాను. ఆ మాట నాదే. ఆయన ఆ రోజే కొత్త మాట నేర్చిన మేస్త్రీని ఎవరైనా తీసుకునేలా నెట్‌లో పెట్టేశారు.

పాపని ఎత్తుకునే ముందు మీట నొక్కి పెట్టెని ఆపేయడం మాకు అలవాటు. లేకపోతే ఖాళీ ఉయ్యాల చూసి గోలపెడుతుందని. పదహారు రోజులు అలాగే చేశాం. పదిహేడో రోజు పొద్దున్నే పాప పాలు కక్కింది. మీట మాట మరిచి చటుక్కున ఎత్తేశాను. ఒళ్ళు తుడిచి, గౌను మార్చి వచ్చి చూస్తే పెట్టె మీద పచ్చదీపం. చప్పుడు లేదు.

"ఏమండీ, పాప నా చంకలో ఉంది. పెట్టేమో ఉయ్యాల్లో హాయిగా నిద్రపోతోందంటోంది."

"ఫ్యాను గాలికి పరుపు కదులుతూ ఉంటుంది."

ఫ్యాను ఆపాను.

"కింద లారీలు పోతుంటే నేల అదురుతుంది."

కిటికీలోంచి చూశాను. వీధిలో గోడకి ఆనించిన సైకిలొకటి ఉంది, అంతే.

"అయితే పట్టా పాడై ఉంటుందిలే. తీరిగ్గా చూస్తా."

నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోంచి పంచదార సంచీ తెచ్చి ఉయ్యాల్లో పడుకోబెట్టాను. పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాను.

"రండి, చూడండి. మీ పంచదార బుద్ధిగా ఊపిరి తీసుకుంటోంది."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. "ఒరే, దీనికి పచ్చకామెర్లు వచ్చాయిరా. అన్నీ పచ్చగానే కనిపిస్తున్నాయి."

ఆయన నవ్వారు. నవ్వుతూనే అదే పట్టాని పాత కంప్యూటరుకి తగిలించారు. పది లెక్కపెట్టేలోపు అది గగ్గోలు పెట్టింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

సాయంత్రానికి తప్పు దొరికింది. కదలిక లేకపోతే పట్టా "మైనస్ ఒకటి" అని పంపుతుంది. ఏమీ లేదని దాని అర్థం. పెద్ద కంప్యూటర్లో మేస్త్రీ దాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటాడు. చిన్నదాంట్లో అలా రాసుకునే గడిలో సున్నాకి తక్కువ అంకెలు పట్టవట. మైనస్ ఒకటి కాస్తా రెండువందల యాభై ఐదు అయి కూర్చుంటుంది. ఊపిరి లేదు మొర్రో అని పట్టా చెబుతుంటే, దండిగా ఉందని ఈ మహానుభావుడు వింటున్నాడు.

"అంటే ఈ పదహారు రోజులూ..." అన్నాను.

"పాప బాగానే ఉందిగా."

"అది పాప మంచితనం. మీ పెట్టెది కాదు."

ఆ గడిలో మైనస్ కూడా రావచ్చని ఒక్క మాట చేరిస్తే సరిపోయింది. ఒక్క మాట! సంచీతో మూడుసార్లు నేనే పరీక్ష పెట్టాను, మూడుసార్లూ మోగింది. కానీ తప్పున్నదాన్నే వాడుతున్నామని, దాన్ని తీసుకున్నవాళ్ళ కోసం ఆయన పెట్టిన వాట్సాప్ గ్రూపులో చెప్పినవాళ్ళు అప్పటికే పదకొండుమంది. అందరికీ కబురు పెట్టాం. పదిమంది పలికారు. ఇద్దరు నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ తిట్లు చదువుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది, తిట్టే ఓపిక ఉందంటే పిల్లలు బాగున్నట్టేగా.

పదకొండో ఆవిడ పలకలేదు. గ్రూపులో ఆవిడ పెట్టుకున్న పేరు "చంటిదాని అమ్మ". అంతకుమించి ఏమీ తెలియదు. పెట్టె బయటికి వెళ్ళిన నాలుగో రోజున ఇలా అడిగింది: "అక్కా, మా పాప ఏడో నెలలోనే పుట్టింది. రెప్ప వెయ్యాలంటే భయంగా ఉంది. దీన్ని నమ్మొచ్చా?" అప్పుడు ఆయన ఆఫీసులో ఉన్నారు. జవాబు నేనే రాశాను: "నిశ్చింతగా నమ్ము చెల్లీ. దీపం పచ్చగా ఉన్నంతసేపూ నువ్వు కాస్త కన్ను మూసుకో."

"ఫోను పాడై ఉంటుందిలే, బెంగపడకు" అంటున్నారు ఆయన. పట్టా పాడైందన్నదీ ఈ మనిషే.

కబురు పెట్టి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నేను పంపిన పందొమ్మిది మెసేజీల్లో ఒక్కటీ చూసినట్టు లేదు. అంతకుముందు ఆవిడ పెట్టిన ఫోటో ఒకటుంది. పెట్టెని నీలం సబ్బుడబ్బాలో అమర్చి, మూత ఊడకుండా తెల్లదారం చుట్టింది. వెనక కిటికీకి కర్టెను బదులు గళ్ళ దిండుగలీబు కట్టి ఉంది.

ఇది చదివేవాళ్ళలో ఎవరి పక్కింట్లోనైనా, మీ వదినగారింట్లోనైనా అలాంటి నీలం డబ్బా కనిపిస్తే ఒక్కసారి తలుపు కొట్టండి. ఆవిడ, పాప నిద్రపోతోంది, లేపొద్దంటుంది. వినకండి. దీపం చూసి తిరిగొచ్చేయకండి. దగ్గరికి వెళ్ళి పాప రొమ్ము మీద చెయ్యి వేసి చూడండి. ఆ తల్లి ఎలా ఉందో కూడా చూసి, నాకొక్క ముక్క చెప్పండి.