గడ్డిలో కూర్చునే పని

రాధమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, గోనెబట్టతో కుట్టిన ఉత్తుత్తి పిట్టను చంకన పెట్టుకుని గడ్డిలోకి దిగింది. పిట్టంటే ఏముంది, లోపల ఊక, పైన రెండు కోడి ఈకలు. దాన్ని దూరంగా విసిరి తను పొదచాటున కూర్చోవాలి. చిన్నా అనే నల్లకుక్క పరుగెత్తుకొచ్చి, వెతికి, నోట కరుచుకుపోయి బాపిరాజు సారు చేతిలో పెట్టాలి. అదీ ఆమె కొలువు.

వాడలో ధనలక్ష్మి అడిగితే ఉన్నదున్నట్టే చెప్పింది.

"కుక్క ముంగట పిట్టను ఇసురుత."

"గదానికి జీతమిస్తరా? నా మొగనికి గూడ జెర నేర్పరాదే, మంచినీళ్ల గ్లాసు గూడ తెచ్చియ్యడు."

కిష్టారెడ్డిపేట అపార్టుమెంట్ల వెనక ఆ జాగా అంతా ప్లాట్లే. తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్ల మధ్య గడ్డి నడుమెత్తు పెరిగి ఎండింది. అక్కడక్కడ మోదుగలు ఆకు రాల్చి, ఒళ్లంతా ఎర్రగా పూశాయి. ఒకప్పుడు అందులో కొంత రాధమ్మ అత్తగారి జొన్నచేనే. కొత్తకోడలిగా మంచె ఎక్కి ఆమె వడిసెల తిప్పి రాయి వదిలితే, చిలకల గుంపు పక్క ఊళ్లో వాలేదని చెప్పుకునేవారు. చేను పోయాక పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగింది. మోకాళ్లు పట్టేశాక అదీ పోయింది. భర్త యాదగిరి పోయాడు. భుజంలో బలం మాత్రం ఎక్కడికీ పోలేదు. బాపిరాజుగారి డాబా మీద వడియాలు తింటున్న కోతిని, తగలకుండా పక్కనే రాయి వేసి తరిమిన రోజున ఆయన పిలిచి ఈ పని ఇచ్చాడు.

ఆయనది భీమవరం వైపు. పటాన్‌చెరులో ఒక ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, ఈ గడ్డి పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. తాతల కాలంలో కొల్లేటి మీద బాతులను కొడితే కుక్కలు నీళ్లలోంచి తెచ్చి చేతికిచ్చేవట. ఇప్పుడు వేటా లేదు, తుపాకీ లేదు. కుక్క మీద మోజొక్కటే మిగిలింది. పోయినేడు పక్షవాతం వచ్చి ఒక పక్క లాగేసింది. మాట వినని కుక్క ఆయన్ను ఎక్కడ పడేస్తుందోనని కొడుకు శివరామకృష్ణకు భయం. ఉగాదిలోపు దారికి రాకపోతే ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. ఉగాది రేపే.

పిట్టను వెతకడంలో చిన్నాకు వంక పెట్టడానికి లేదు. కానీ తెచ్చి రాధమ్మ ఒళ్లో పెడుతుంది. ఎందుకో సారుకు అంతుపట్టలేదు, రాధమ్మకు తెలుసు. మొదట్లో పొదచాటున కూర్చుని రొట్టె తింటూ దానికీ ఇంత తుంచి పెట్టింది. నోరున్న జీవం ఎదురుగా నిలబడి చూస్తుంటే ఒక్కతే ఎలా మింగుతుంది? నాలుగైదు రోజులుగా రొట్టె తేవడం మానేసింది. కుక్క మోకాలికి ముట్టె ఆనిస్తే మొహం తిప్పుకుంటోంది. పిల్లలకు పాలు మాన్పించడానికి రొమ్ముకు వేపాకు నూరి రాసుకున్నప్పుడూ ఇంతే. పిల్లల కంటే తనే ఎక్కువ ఏడ్చింది.

"రాధమ్మా, కనపడకుండా కూర్చో. నిన్ను చూశాడంటే నా మొహం చూడడు వాడు," గడ్డి అంచున కుర్చీలోంచి బాపిరాజు కేకేశాడు.

"నేనేడ కనవడుతున్న సారూ? మీ కుక్క కండ్లతోటి సూడది, ముక్కుతోటి సూస్తది."

"నీకు నోరొకటి."

"గది గూడ లేకుంటే ఎట్ల బతకాలె?"

పొద్దున విసిరిన పిట్ట మళ్లీ ఆమె ఒళ్లోకే వచ్చింది. సారు ఈల వేశాడు. వంకరపోయిన పెదాల్లోంచి సగం గాలే వచ్చింది.

"పో బిడ్డా. నాతాన ఏమున్నది? గాయినకే నువ్వు గావాలె," అంది రాధమ్మ కుక్కతో.

చిన్నా ఉత్తనోటితో వెళ్లింది. సారు తల వంచుకోవడం గడ్డి సందుల్లోంచి కనిపించింది.

సాయంత్రం మళ్లీ దిగారు. పొద్దున్నుంచి గుంజుతున్న భుజం ఇప్పుడు మోచేతిదాకా లాగుతోంది. విసిరీ విసిరీ అనుకుంది రాధమ్మ. ఉన్న సత్తువంతా పెట్టి మోదుగ చెట్టు అవతలికి విసిరింది. హద్దురాయికి ఆనుకుని, కుక్క వచ్చే దారికి వీపు పెట్టి కూర్చుని, మొహం మీదికి కొంగు లాక్కుంది.

గడ్డి గలగలమంది. ఎండుటాకుల మీద అడుగులు వచ్చి వెనకే ఆగాయి. మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. చెయ్యి దానంతటదే లేవబోతే రెండో చేత్తో ఒళ్లో అదిమిపట్టింది. ఎంతసేపో అలాగే. తర్వాత ఊపిరి తొలగింది. అడుగులు దూరమయ్యాయి.

"భేష్ రా! నా చేతిలో పెట్టాడు, రాధమ్మా, నా చేతిలో!" సారు కుర్చీలోంచే కేకేశాడు.

కొంగులో రాధమ్మ నవ్వుకుంది. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోతున్నట్టుంది. తల రాయికి ఆన్చింది.

"ఇంకా దాక్కునే ఉంది చూడు," అన్నాడు బాపిరాజు, వరండాలోకి వచ్చిన భార్యతో. "రాధమ్మకి టీ పెట్టవోయ్."

"పెట్టానండీ, అల్లం కూడా వేశాను," అంది కనకమహాలక్ష్మి. కాఫీ తప్ప ఎరగని ఇల్లు అది.

చిన్నా ఎవరూ చెప్పకుండానే గడ్డిలోకి తిరిగి వెళ్లింది. ఈల వేసినా రాలేదు. కనకమహాలక్ష్మి వెతుక్కుంటూ వెళ్లింది. కుక్క రాయి పక్కన కూర్చుని ఉంది. ఆమె రాధమ్మ మొహం మీది కొంగు తొలగించి చూసి, మళ్లీ మెల్లగా కప్పింది.

తెల్లారి ఉగాది నాడు శివరామకృష్ణ కుక్కను పంపించే మాట ఎత్తలేదు. ఆ ఇంట్లో పచ్చడి కలపలేదు. వరండా గట్టు మీద, పళ్లెం మూతపెట్టిన గ్లాసులో అల్లం టీ మీగడ కట్టి అలాగే ఉంది.