ఆర్డరు స్టేటస్ మారుస్తుంది

ఆర్డరు స్టేటస్ మారుస్తుంది, ఇదీ ఆర్డర్లు మార్చే టూల్‌కు మా ప్రణయ్ సార్ రాసిన వివరణ, మొత్తం ఇంతే, పాలాయనకు మా అమ్మీ ఇంతకంటే ఎక్కువ చెబుతుంది, గేటు మీద పెట్టకు పిల్లి చింపుతది, సంచిల వెయ్యి, మేం లేకుంటే పక్కింట్ల ఇయ్యి అని, పాలకున్న విలువ కూడా లేదన్నమాట తాండూరు బండలకి, వికారాబాద్‌లో ఎక్కిన రైలు ధారూరు దాటింది, ఒళ్లో లాప్‌టాప్ ఊగుతోంది, ఆ ఒక్క వాక్యం కూడా నన్ను వెక్కిరిస్తున్నట్టు ఊగుతోంది, పాండురంగం గారి బండల యార్డుకు మేం అమర్చిన ఏఐ ఏజెంటు, గిరాకీలు ఫోనులో చెప్పిన మాట విని ఆర్డర్లు అదే మార్చేస్తుంది, ఏ టూల్ ఎప్పుడు వాడాలో, వాడితే ఏమవుతుందో దానికి తెలిసేది మేం రాసిన వివరణలోంచే, అందులో ఏముంది, మారుస్తుంది, ఓహో, మార్చక తింటుందా, పెద్దేముల్ మొగులమ్మ ముందు గదిలో బండలు పరిపించి, మిగతా ఇంటికి అదే గనిలో అదే పొర బండలు యార్డులో పక్కన పెట్టించుకుంది, పొర మారితే రంగు మారుతుంది, మొన్న ఫోన్ చేసి ఆషాఢంల పంపకుండ్రి అన్నది, ఏజెంటు ఆర్డరు రద్దు చేసింది, రద్దయిన సరుకు దానంతటదే అమ్మకానికి వచ్చేసింది, సేడం నుంచి ఒక హోటలాయన కొనేశాడు, హోటలుకు ఏ నెలైతేనేం, ఇప్పుడు లారీకి ఎక్కిస్తున్నారట, ఆ పొర గనిలోనే అయిపోయింది, మళ్లీ దొరకదు.

మస్తు తెలివైనది గా ఏఐ, ఐమన్, దానికదే సమజ్ చేసుకుంటది, వివరణలు గివరణలు ఎవరు చదువుతరు అన్నాడు ప్రణయ్, ఇంకాస్త వివరంగా రాద్దామని నేనన్న రోజు, చదివేది అదొక్కటే సార్, మీరు చదవరు, పాండురంగం గారు చదవరు, అక్షరం వదలకుండా చదివేది ఆ ఒక్క ప్రాణం లేనిదే, ఆ మాట అనలేదు నేను, నెల జీతం నోరు మూయిస్తుంది, ఈ మహానుభావుడి సొంత అక్క గృహప్రవేశం ఆషాఢమని ఆగింది, ఆఫీసంతా లడ్డూలు శ్రావణంలోనే తిన్నది, మా అమ్మమ్మ జుబేదా నానీ అయితే సఫర్ నెలలో తేరా తేజీ పదమూడు రోజులు అచ్చిరావని కొత్త చీపురు కూడా కొననివ్వదు, తర్వాత సూద్దం అంటుంది, ఆమె తర్వాత అన్నదని దుకాణదారు చీపురు విరగ్గొట్టాడా, ఈ జిల్లాలో పుట్టినవాళ్లెవరికీ చెప్పక్కర్లేని సంగతి, అందుకే ఎవరూ చెప్పలేదు, పెద్ద తెలివైనవాళ్లం కదా, రాస్తున్నాను ఇప్పుడు, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, రద్దు చేస్తే పక్కన పెట్టిన సరుకు వెంటనే అమ్మకానికి పోతుంది, వెనక్కి రాదు, గిరాకీ నాకు అక్కర్లేదు అని తేల్చి చెబితేనే రద్దు చేయాలి, ఆషాఢం, మూఢం, పండుగ పోయాక అంటే వాయిదా మాత్రమే, అనుమానముంటే యార్డు మనిషిని అడగాలి, చూడు, ఇంత సులువు, రైలు తాండూరు చేరేలోపు అయిపోయింది, ఇంతమాత్రానికి ఒక ముసలామె ఇల్లు పణంగా పెట్టాడు ప్రణయ్.

యార్డులో లారీ సగం నిండింది, మిగిలిన బండల మీద మొగులమ్మ కూర్చుని ఉంది, కొంగు నడుముకు చుట్టి, ఎవరు లేపుతారో చూస్తానన్నట్టు, హమాలీలు బీడీలు తాగుతున్నారు, సేడం హోటలాయన లారీ పక్కన నిలబడి ఉన్నాడు, పాండురంగం గారు నన్ను చూడగానే, సూడు బిడ్డా, మీ మిషన్ల రద్దు అని వడ్డది, నేను అమ్ముకున్న, తప్పు మీదని గీ హోటలాయన ముంగట చెప్పు, ఉన్నవన్నీ దింపిస్త, లేకుంటే లారీ పోతది, నాకేం ఫికర్ లేదు అన్నాడు, మొగులమ్మ నా మొహంలోకి చూసింది, నేనెప్పుడు వద్దన్న బిడ్డా, ఆషాఢంల ఇంటికి బండలు తెస్తరా ఎవరన్న, గా మిషన్‌కు మీరు చెప్పలేదా.

చెవిలో ఫోను, ప్రణయ్, ఐమన్ జర విను, మన తప్పు అనకు, ముసలామెనే రద్దు చేయమన్నదని చెప్పు, రద్దు అని ఉన్న రికార్డు సూపెట్టు, ఆమె ఫోన్ల మాట్లాడిన ఆడియో మాత్రం వినిపియ్యకు, పాండురంగం అడిగితే సర్వర్ల లేదను, తప్పు మనదన్నవంటే కాంట్రాక్టు పోతది, నీ నౌకరీ కూడ పోతది, అర్థమైందా, అర్థమైంది సార్, ఎంత బాగా అర్థమైందో, ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో, ఎదురడిగితే ఏం చేయాలో, తప్పితే ఏమవుతుందో, ఒక్క సందు వదల్లేదు, ఇంత చక్కటి వివరణ రాయగలడు ఈ మనిషి, రాయడం రాక కాదు, తీరిక లేక కాదు, ఏఐ మీద నమ్మకంతో అసలే కాదు, మునిగేది మొగులమ్మ కొంప కాబట్టి ఒక్క వాక్యం, మునిగేది తనది కాబట్టి ఇన్ని జాగ్రత్తలు, ఛీ, అంతే తేడా, ఫోను కట్ చేశాను, లేదవ్వా, మేం దానికి చెప్పలేదు, తప్పు మాది అన్నాను, హోటలాయనకు, హమాలీలకు, అందరికీ వినిపించేలా.