ఆకుపచ్చ నీళ్లలో మునిగిన మట్టె

నేను ఒక వెండి మట్టెను. ఒంటరిదాన్ని కాను, మట్టె ఏనాడూ ఒంటరిగా పుట్టదు. హుజూరాబాదులో నగలు చేసే ఒక అవుసలాయన నన్నూ నా జంటనూ ఒకే తీగ తెంపి చుట్టాడు. తీగ తీసే ముందే వెండిలో కాస్త రాగి కలిపాడు. మోసమనుకోకండి. ఉత్త వెండి మెత్తన, కాలివేలికి నిలవదు. చూసినవాళ్లంతా "అసలు వెండి" అని మెచ్చుకుంటుంటే నేను మాత్రం కాదంటానా? పొగడ్త ఎవరికి చేదు?

పెళ్లిలో ఓదెలు మమ్మల్ని కనకవ్వ వేళ్లకు తొడిగాడు. ఆయన సినిమా హాల్లో రీళ్లు తిప్పే ఆపరేటరు. ఆమె కుట్టుమిషను తొక్కి వాడకట్టందరికీ జాకెట్లు కుట్టేది. హాలు మూతపడ్డాక ఇల్లు గడిచింది ఆమె కాళ్ల మీదే. ఇనప పెడలు మీద మేం టక్కుటక్కుమంటుంటే పొయ్యి మీద అన్నం ఉడికేది.

ఆ కాలికే కష్టం వచ్చింది. కనకవ్వకు షుగరు. నా పక్క వేలికి లేచిన పుండు ఎంతకూ మానలేదు. ఇంకా ఆలస్యం చేస్తే వేలితో ఆగదు, పాదమే తీయాల్సి వస్తుందని మందుల షాపతను భయపెట్టాడు. అయినా ఆమె దవాఖాన గడప తొక్కనంది. ఆపరేషను బల్ల ఎక్కించే ముందు మట్టెలు తీయిస్తారని ఎవరో చెప్పారు.

"మొగడు బతికుండంగ మట్టెలు తీస్తనా? తీస్తే ఆయనకేమన్నయితే? కాలు వోతే పోనీ!"

కాలే పోయాక మట్టె ఎక్కడ పెట్టుకుంటుందో ఆమె ఆలోచించలేదు. మనుషుల లెక్కలు మనుషులవే.

ఓదెలుకు అన్నం సయించలేదు. ఫోనులో వెతికి వెతికి ఒక వీడియో పట్టాడు. రెండు వెండి ముక్కలను నీళ్లలో వేలాడదీసి కరెంటిస్తే, వెండి కంటికి కనబడనంత సన్నగా నీళ్లలో కలుస్తుందట. ఆ నీళ్లు తాగితే మానని పుండు లేదట. చెప్పినాయన తెల్లకోటు వేసుకున్నాడు, ఇంకేం కావాలి? అయితే ఆ ఇంట్లో ఉన్న వెండల్లా మేమిద్దరమే.

"తొడిగినోన్ని నేనే గదా, నేను తీస్తే తప్పేంది? గంటసేపే కనకవ్వా," అని బతిమాలాడు.

ఆమె కళ్లు గట్టిగా మూసుకొని కాళ్లు చాపింది. సబ్బు రాసి, పుండుకు తగలకుండా మెల్లగా తీశాడు. మేమున్న చోట వేళ్ల మీద తెల్లటి చారలు మిగిలాయి. 

పాత చార్జరు తీగలు కోసి నన్ను ప్లస్సుకు, నా జంటను మైనస్సుకు కట్టి గాజుగ్లాసులో వేలాడదీశాడు. నీళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. ఓదెలుకు ఓపిక తక్కువ, చిటికెడు ఉప్పు వేశాడు. ఇక చూడండి నా అవస్థ! ఒళ్లంతా నురగలు కక్కి నేను అరిగిపోతుంటే, నా జంట మాత్రం నల్లగా మసిపూసుకొని కులాసాగా వేలాడింది. వెండితో పాటు ఇన్నేళ్లూ దాచుకున్న రాగి కూడా బయటపడింది. నీళ్లు ముందు తెల్లగా విరిగాయి, తర్వాత ఆకుపచ్చకు తిరిగాయి. నా పరువు గ్లాసులో తేలింది.

కనకవ్వ గ్లాసులోకి తొంగి చూసింది. "గిదేందయ్యా, పాకురు వట్టిన నీళ్ల లెక్కున్నయి?"

"మందంటే గట్లనే ఉంటది. అనుమానమైతే ముందుగాల నేనే తాగుత," అని ఓదెలు ప్లగ్గు పీకి, మేమింకా అందులో ఉండగానే గ్లాసెత్తాడు. పెదాల దాకా తెచ్చాడు.

కనకవ్వ ఒక్క దెబ్బతో గ్లాసును ఎగరగొట్టింది. "నీకేమన్నయితే నాకు ఈ మట్టెలెందుకు!"

ఆ మాట అన్నాక ఆమే ఆగిపోయింది. బోడి వేళ్ల వైపు చూసుకుంది. తడిసిన చొక్కాతో బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ఓదెలు వైపు చూసింది. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తీయనే తీస్తివి. తీసినా గుండ్రాయి లెక్క నిలవడ్డవ్. ఇగ డాక్టరు తీసేదేమున్నదయ్యా? నడువు, దవాఖానకు!"

నేలమీద గాజుపెంకుల మధ్య పడి ఉండి ఆ మాట విన్నాను. సగం అరిగిన ఒంటితో అంత సంతోషం నేనెన్నడూ ఎరగను. ఓదెలు మమ్మల్ని ఏరి, తుడిచి జేబులో వేసుకొని ఆటో పిలవడానికి పరుగెత్తాడు.

పుండు కోసి శుభ్రం చేశారు, కట్టు కట్టారు, సూదులు పొడిచారు. పాదం దక్కింది, వేలూ దక్కింది. వేళ్లకు బిగుతుగా ఏదీ పెట్టొద్దని మాత్రం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కనకవ్వ తన రెండు కాళ్ల మీద నడుచుకుంటూ వాడకట్టులోకి వచ్చింది. మేము ఇంకా ఓదెలు జేబులోనే ఉన్నాం.

పక్కింటి మల్లవ్వ చూపు తిన్నగా పాదాల మీదికి పోయింది. "మొగడుండంగ మట్టెలు లేవేందే కనకవ్వా?"

కనకవ్వ నడక ఆపలేదు. "మట్టెలు ఆయన జేబుల ఉన్నయి, కాలు నా దగ్గరున్నది. ఇంకేం గావాలె నీకు?"