నాలుగు రోజుల తాళం

దేవదానం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక ఐటీ పార్కులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. బేస్‌మెంట్‌లోని కంట్రోల్ రూములో కూర్చుని లిఫ్టులు, ఏసీలు సరిగా నడుస్తున్నాయా లేదా అని తెర మీద చూస్తుండటం ఆయన పని. భార్య పోయి నాలుగేళ్లయింది. కూతురు కిరణ్మయి పీయూసీ, అంటే ఇంటర్, రెండో ఏడు చదువుతోంది. బ్రూక్‌ఫీల్డ్‌లో చిన్న ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు.

జనవరిలో కిరణ్మయికి మార్కులు బాగా తగ్గాయి. ఎప్పుడు చూసినా చేతిలో ఫోనే. పిల్లలు ఫోన్ ఎంతసేపు వాడుతున్నారో చూపించే యాప్ ఒకటుందని, దూరం నుంచే ఫోన్‌కు తాళం కూడా వేయొచ్చని తోటి ఉద్యోగి స్టాన్లీ చెప్పాడు. దేవదానం దగ్గరున్నది మీటల ఫోను. అందుకని స్టాన్లీ ఆయన పాత ల్యాప్‌టాప్‌లో, ఫోన్ యాప్‌లను నడిపించే ప్రోగ్రాం ఎక్కించి ఆ యాప్ పెట్టిచ్చాడు. కిరణ్మయికి చెప్పే పెట్టాడు దేవదానం.

అప్పటినుంచి కంట్రోల్ రూములో లిఫ్టుల తెర పక్కనే, ల్యాప్‌టాప్‌లో కూతురి రోజు కూడా ఆయనకు కనిపించేది. పాటలు పావుగంట. పాఠాలు అరగంట. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా వీడియో కాల్, రోజూ. ఎవరితోనో యాప్ చెప్పదు. ఎవడో కుర్రాడే అయివుంటాడని ఆయనకు గట్టి అనుమానం.

అడిగితే, "అర్పితతో" అంది కిరణ్మయి. నగరం అవతల అత్తిబెలె నుంచి కాలేజీకి వచ్చే ఆ స్నేహితురాలు కామెర్లని దసరాకే కాలేజీ మానేసింది. కామెర్లు ఇన్ని నెలలుంటాయా అంటే కిరణ్మయి తల దించుకుంది. అబద్ధమాడుతోందనే అనుకున్నాడాయన.

పరీక్షలు మూడు వారాలున్నాయనగా, ఒక సోమవారం, తనకు తప్ప ఎవరికీ కాల్ వెళ్లకుండా, ఎవరి నుంచీ రాకుండా ఫోన్ మొత్తానికి తాళం వేశాడు. ఆ సాయంత్రం కిరణ్మయి ఫోన్ చేసింది.

"నాన్నా, ఒక్క అరగంట ఓపెన్ చేయవా? చాలా ఇంపార్టెంట్."

"ఏంటో చెప్పు, చేస్తా."

"చెప్పనని ప్రామిస్ చేశాను నాన్నా."

చెప్పుకోలేని పని మంచిదెలా అవుతుందని ఆయన ఫోన్ పెట్టేశాడు. అర్పిత నెంబరు ఆ ఫోన్‌లోనే ఉంది, కిరణ్మయికి నోటికి రాదు.

ఎన్నిసార్లు తెరవబోయిందో కూడా యాప్ చూపించేది. సోమవారం నలభై ఒకసార్లు. మంగళవారం అరవై. ఇంత పిచ్చా అని భయపడ్డాడు. గురువారానికి తొమ్మిదికి తగ్గింది. పిల్ల దారిలో పడుతోందని సంతోషించి, ఇంటికి వెళ్తూ ఎగ్ పఫ్‌లు కొన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. అర్పిత ఆ ఉదయం చనిపోయింది. సంగతి వినగానే కిరణ్మయి క్లాసులోనే కళ్లు తిరిగి పడిపోయింది. అర్పితకు ఉన్నది కామెర్లు కాదు, బ్లడ్ క్యాన్సర్. నయమయ్యాక పిల్ల పెళ్లికి అడ్డొస్తుందని ఇంట్లోవాళ్లు ఎవరికీ తెలియనివ్వలేదు. అర్పిత చెప్పుకున్నది ఒక్క కిరణ్మయికే.

శనివారం తండ్రీకూతుళ్లు అత్తిబెలె వెళ్లారు. అర్పిత తల్లి కెంపమ్మ కిరణ్మయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయి వదల్లేదు. చివరి నాలుగు రోజులూ సాయంత్రమయ్యేసరికి అర్పిత దిండుకు ఆనుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేదని చెప్పింది.

"యాలమ్మా, కిరణ ఫోను ఎత్తల్యా అని నన్నడిగె. పరీక్షలుండాయి కదా, చదువుకుంటా ఉంటాదిలే అని నేనంటి."

కిరణ్మయి తండ్రి పేరు ఎత్తలేదు. ఆయన వైపు చూడనూ లేదు. దేవదానమే లేచి, వాకిట్లో ఒంటరిగా నిలబడి ఉన్న అర్పిత తండ్రి నాగరాజ్ దగ్గరికి వెళ్లాడు.

"ఫోన్ నేనే లాక్ చేశానండి. మా పాప బతిమాలినా తీయలేదు."

నాగరాజ్ గుమ్మంలోంచి లోపలున్న భార్య వైపు చూశాడు.

"నాకు చెప్తిరి, సరే సార్. మా ఆమెకు మాత్రం చెప్పద్దండి. పరీక్షలని అనుకోనుండాది. అట్లే అనుకోనీండి."

తిరుగు బస్సులో దేవదానం కూతురి చేయి పట్టుకోబోయాడు. ఆమె మెల్లగా లాక్కుంది.

"తప్పయిపోయిందమ్మా."

"ఒక్కసారి నన్ను నమ్మాల్సింది నాన్నా."

ఇంటికి వెళ్లగానే యాప్ తీసేశాడు. కిరణ్మయి పరీక్షలు రాసింది, పాసైంది. అన్నం వడ్డిస్తుంది, అడిగినదానికి జవాబిస్తుంది. తనంతట తానుగా మాత్రం ఏదీ చెప్పదు. డిగ్రీలో సీటు వచ్చిన సంగతి కూడా పక్కింటివాళ్లు చెబితేనే ఆయనకు తెలిసింది.